ఇసుక బొమ్మల రాట్నం

కుట్టుపని ఆవిడ కూతురు కాలేజీలో తోటి కుర్రాడి రాట్నానికి కరెంటు తీగలు కోసేసిందట. ఈ మాట కొళాయి దగ్గర్నుంచి కిరాణా కొట్టు దాకా నడిచేసరికి దానికి కాళ్లొచ్చాయి, కొమ్ములూ వచ్చాయి. ఆ ఇంట్లో కత్తెర ఉన్నమాట నిజమే. అది గుడ్డ మీద తప్ప దేని మీదా పడలేదు. జరిగింది వేరు.

అసలు ఆ రాట్నం ఆ పిల్లదే. కాలేజీలో రోబోల పోటీ పెట్టి, పార్కుల్లో పిల్లలెక్కి తిరిగే రంగులరాట్నానికి నమూనా చేయమన్నారు. పిల్ల, తల్లి కుట్టుమిషన్ పక్కనున్న కాస్త జాగాలో చతికిలబడి, రేకులు అరగదీసి, పాత సైకిల్ చువ్వలు వంచి చేసింది. నడుమ స్తంభం, చుట్టూ చేతులు, ఒక్కో చేతి చివర గిన్నెలాంటి కుర్చీ. స్తంభం తిరుగుతుంటే చేతులు మెల్లగా లేచి మెల్లగా దిగాలి. మోటారు ఎప్పుడు ఎంత బలంతో ఎత్తాలో చెప్పే ప్రోగ్రామూ తనే రాసింది.

కుర్చీల్లోకి తల్లి గుడ్డపీలికలతో బొమ్మలు కుట్టి, వాటి కడుపుల్లో ఇసుక కూరింది.

"మనుషులన్నాక బరువుండాలి కదే" అంది.

ఆ బరువుకు మోటారును సరిపెట్టేసరికి పిల్లకు తలప్రాణం తోకకొచ్చింది. బలం తగ్గితే చెయ్యి లేవనని మొండికేసేది, పెరిగితే బొమ్మ ఎగిరి గోడకు కొట్టుకునేది.

జతగా కాలేజీవాళ్లు ఒక కుర్రాణ్ణి ఇచ్చారు. అందరూ అతన్ని ఇస్త్రీ చొక్కా అనేవాళ్లు. గ్రీజు డబ్బా కనిపిస్తే నాలుగడుగులు వెనక్కి వేసేవాడు. మాట మాత్రం తేనె పూసినట్టుండేది. గెలిచినవాళ్లను రాట్నాలు తయారుచేసే కర్మాగారంలో శిక్షణకు తీసుకుంటామన్నారు. పిల్లకు తిన్నా పడుకున్నా ఆ కర్మాగారమే ధ్యాస.

ప్రదర్శనకు ముందురోజు హాల్లోకి వెళ్తే రాట్నం ముందు అట్ట మీద ఒక్క పేరే ఉంది. ఇస్త్రీ చొక్కాది.

"అతను చెప్పాడమ్మా, బొమ్మలు కుట్టి సాయం చేశావట. సంతోషం" అని పోటీ నడిపే మాస్టారు ఇంకో బల్ల దగ్గరికి వెళ్లిపోయారు.

పిల్లకు అరికాలి మంట నెత్తికెక్కింది. కళ్లలో నీళ్లు రానివ్వలేదు.

"ప్రోగ్రాం రాసిందెవరు?" అని ఇస్త్రీ చొక్కాను అడిగింది.

"రాసింది ఎవరైతేనేం, రేపు చెప్పేది నేనేగా. నలుగురిలో నీకు నోరు పెగలదు కదా."

"మరి నాకేం మిగిల్చావు?"

"బొమ్మలు నీవేగా తల్లీ" అని నవ్వాడు.

"అవును, నావే."

కుర్చీల్లోంచి బొమ్మలను ఒక్కొక్కటే తీసి సంచిలో వేసుకుంది.

"పట్టుకెళ్లు. షాపులో ఇంతకంటే అందమైనవి దొరుకుతాయి."

పిల్ల గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. "కొత్తవి పెట్టాక ఒకసారి నడిపి చూస్తావా?"

"నడిచేదాన్ని మళ్లీ నడపడమెందుకు? చొక్కాకు గ్రీజు పూసుకోడానికా?"

అప్పుడు పిల్ల నవ్వింది. ఇంటికెళ్లి కడుపునిండా అన్నం తింది.

మర్నాడు ముందు వరుసలో, ఒళ్లో సంచి పెట్టుకుని కూర్చుంది. ఇస్త్రీ చొక్కా గలగలా మాట్లాడాడు. కుర్చీల్లో మిలమిల మెరిసే ప్లాస్టిక్ బొమ్మలు, ఊదితే ఎగిరిపోయేటంత తేలిక. మీట నొక్కాడు. స్తంభం తిరిగింది. చేతులు మెల్లగా లేవలేదు, బొమ్మలను విసిరికొట్టాయి. ఒక బొమ్మ మాస్టారి కళ్లద్దాలను పడగొట్టింది. ఇంకొకటి కర్మాగారం నుంచి వచ్చిన ఇంజినీరమ్మ నీళ్లగ్లాసులో పడింది. హాలంతా పొట్ట పట్టుకుని నవ్వింది.

"ఆ అమ్మాయే సార్, నిన్న వచ్చి తీగలు కోసేసింది" అని ఇస్త్రీ చొక్కా వేలు చూపించాడు. వీధి మోసిన మాట అక్కడ పుట్టింది.

ఇంజినీరమ్మ గ్లాసులోంచి బొమ్మను తీసి చేతిలో ఎగరేసి చూసింది. "తీగలు తెగితే అసలు తిరగదు బాబూ. ఎంత బరువుకని రాశావు ప్రోగ్రాం?"

అతను మాస్టారి వంక చూశాడు. మాస్టారు బల్ల కింద కళ్లద్దాలు వెతుక్కుంటున్నారు.

పిల్ల లేచింది. ఎక్కడా తొందరపడలేదు. "కాస్త జరుగు, చొక్కా నలుగుతుంది" అని అతన్ని పక్కకు తప్పించి, తన బొమ్మలను కూర్చోబెట్టి మీట నొక్కింది. చేతులు నిద్రలేచి ఒళ్లు విరుచుకున్నట్టు మెత్తగా లేచాయి, మెత్తగా దిగాయి. హాలు చప్పట్లు కొడుతుండగానే బొమ్మలన్నీ తీసి మళ్లీ సంచిలో వేసేసుకుంది.

"అదేంటమ్మా, ఉండనీ" అన్నారు మాస్టారు.

"అట్ట మీద పేరు మారేదాకా ఇవి కుర్చీ ఎక్కవు సార్."

అందరూ చూస్తుండగా మాస్టారే ఆ పేరు కొట్టేసి పిల్ల పేరు రాశారు. ఇస్త్రీ చొక్కా ఒంటిమీది చొక్కా చెమటతో వీపుకు అతుక్కుపోయింది. పిల్ల దాన్ని తనివితీరా చూసింది. వచ్చే వారం నుంచి శిక్షణకు రమ్మని ఇంజినీరమ్మ చెప్పి వెళ్లింది.

అయినా వీధి నోరు మూతపడలేదు. జాకెట్టు కొలతలిస్తూ ఒకావిడ, "మీ అమ్మాయి చేతి కత్తెర చాలా పదునట కదా వదినా" అని చురక వేసి వెళ్లింది. తల్లి మిషన్ ఆపి కూతురి వైపు తిరిగింది.

"తీగలు కోయలేదని నాకు తెలుసు. నేనడిగేది వేరు. ఆ బొమ్మలు ఎగిరి పడతాయని నీకు ముందే తెలుసా?"

పిల్ల ఓ బొమ్మకు విడిపోయిన కుట్టును దారంతో బిగిస్తూ తలెత్తకుండానే అంది:

"తెలియకపోతే ముందు వరుసలో ఎందుకు కూర్చుంటానమ్మా?"