చక్కెర నీళ్ళ వీడియో

ఈ ఉదయం కోదాడలో మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పై అంతస్తు ఆవిడ ఒక వీడియో పెట్టింది. ఒక పెద్దావిడ తేనెటీగల పెట్టె మూత తీసి, లోపలి గిన్నెలో చక్కెర నీళ్ళు పోస్తుంటుంది. ‘కల్తీ తేనె ఇలా తయారవుతుంది, అందరికీ పంపండి’ అని కింద రాశారు. వీడియోలో ఉన్నావిడది ఈసారి గుంటూరట. కిందటేడు ఖమ్మం అన్నారు. ఆ పెద్దావిడ మా చిన్నమ్మ, అమ్మకు స్వయానా చెల్లెలు. ఆమెకు గుంటూరు ఏ దిక్కున ఉందో కూడా సరిగా తెలియదు. చేతిలో టీ చల్లారిపోయింది గాని, నా ఒళ్ళు మంట చల్లారలేదు.

చిన్నమ్మ సూర్యాపేటలో హిందీ టీచరుగా పనిచేసి రిటైరైంది. పిల్లలు లేరు. బాబాయి పోయాక, మోతె దగ్గరున్న తమ బత్తాయి తోటకు రోజూ బస్సెక్కి పోయి రావడం మొదలుపెట్టింది. తేనెటీగలుంటే కాపు బాగుంటుందని ఎవరో చెబితే నాలుగు పెట్టెలు తెప్పించింది. కాపు సంగతేమో గాని ఆమెకు ఈగల పిచ్చి పట్టింది. బాబాయి పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని, ముఖానికి వల కట్టుకుని పెట్టె ముందు పీటేసుకుని కూర్చుంటే తిండి ధ్యాస కూడా ఉండేది కాదు. చీరల్లోంచి కూడా పొగ వాసన, మైనం వాసన వచ్చేవి. ఒంటరిగా ఉంటోంది కదా, తోడు దొరుకుతుందని ఫేస్‌బుక్‌లో తేనెటీగలు పెంచేవాళ్ళ గ్రూపులో నేనే చేర్పించాను. ఇక చూడాలి సంబరం! ఆమెకు మళ్ళీ ఒక క్లాసు దొరికింది. అందరూ ‘టీచరమ్మా’ అని సందేహాలు అడిగేవాళ్ళు. తన ఫోటోకు నేను లైకు కొట్టడం ఆలస్యమైతే ఫోను వచ్చేది: “ఏమే, నా రాణి ఈగను సూడలేదా? ముందు ఆ గుండె బొమ్మ నొక్కు, తర్వాత వంట చేసుకుందువు గాని.”

క్లాసన్నాక మందలింపులూ ఉంటాయి. మిర్యాలగూడలో రైస్ మిల్లున్న ఒకతను, అడవి తేనెతుట్టెను కాల్చి, పిల్ల పురుగులతో సహా పిండుతున్న ఫోటో పెట్టి గొప్పలు పోయాడు. చిన్నమ్మ అందరి ముందే కడిగేసింది: “పసిపిల్లలను పిండి తేనె అంటవా? సిగ్గు లేదా నీకు?” అతను నవ్వు బొమ్మ ఒకటి పెట్టి ఊరుకున్నాడు. ఊరుకున్నాడనే మేమూ అనుకున్నాం.

ఆ వానాకాలం, పూలు లేని రోజుల్లో ఈగలు ఆకలికి చచ్చిపోకుండా చక్కెర నీళ్ళు ఎలా పెట్టాలో చిన్నమ్మ వీడియో తీసి గ్రూపులో పెట్టింది. అలా పెట్టడం ఈగలు పెంచే ప్రతివాళ్ళూ చేసేదే. తేనె తీసే కాలంలో మాత్రం పెట్టొద్దని, పెడితే ఆ చక్కెర తేనెలో కలుస్తుందని మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి గట్టిగా చెప్పింది కూడా. మిర్యాలగూడ మనిషి ఆ మొదలూ చివరా కోసేసి, నడుమ ముక్కకు ‘సూర్యాపేటలో రిటైర్డ్ టీచర్ కల్తీ తేనె దందా’ అని పేరు పెట్టి ఊరి గ్రూపుల్లోకి వదిలాడు. చిన్నమ్మ ఏనాడూ తేనె అమ్మింది లేదు. ఇరుగుపొరుగుకు పంచేది, కార్తీక మాసంలో శివాలయంలో అభిషేకానికి ఇచ్చేది. ఆ ఏడు సీసా పట్టుకుని పోతే పూజారి చేతులు జోడించాడు: “ఈసారికి వద్దమ్మా, ఎవరన్న ఏమన్న అంటే మాకు పరేషాన్.” ఆమె ఆ సీసాను కొంగు చాటున పెట్టుకుని, బజారంతా నడిచి ఇంటికొచ్చింది.

మరి గ్రూపు? చక్కెర నీళ్ళు ఎంత పలచగా ఉండాలో ఆమెనే అడిగి నేర్చుకున్న వాళ్ళు అంతమంది ఉన్నారు. ఒక్కరంటే ఒక్కరు నోరు విప్పలేదు. పైగా గ్రూపు నడిపే పెద్దమనిషి వాయిస్ మెసేజ్ పంపాడు: “లొల్లి ఎందుకు టీచరమ్మా, ఒక్క సారీ చెప్పుర్రి, అయిపోతది.” చిన్నమ్మ చెప్పనంది. మర్నాడు ఆమెను గ్రూపులోంచి తీసేశారు.

నేను కోదాడ నుంచి వెళ్ళి ఆమెను వెంటబెట్టుకుని మిర్యాలగూడ బస్సెక్కాను. మిల్లు ఆఫీసులో అతను మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు, కూల్‌డ్రింకులు తెమ్మని కేకేశాడు. చిన్నమ్మ కూర్చోలేదు.

“మొదలు, చివర ఎందుకు కోసినవ్?”

“సరదాకు పెట్టిన టీచరమ్మా. గింత దూరం పోతదని అనుకున్ననా? ఇగో, మీ ముందే డిలీట్ చేస్తున్న. ఖతం.”

“నీ ఫోన్ల ఖతం. ఊర్ల ఎట్ల ఖతమైతది? నేను కోసి పెట్టిన, అబద్ధం అని నీ నోటితోని చెప్పి ఇంకో వీడియో పెట్టు.”

అతని ముఖం మాడిపోయింది. “అట్లెట్ల అమ్మా, మిల్లు పేరు ఖరాబైతది.”

“మిల్లుకు ఉంటది పేరు. నాకుండదా?”

కూల్‌డ్రింకులు వచ్చేలోగా మేము రోడ్డు మీదున్నాం. లారీల దుమ్ములో బస్సు కోసం నిలబడినప్పుడు చిన్నమ్మ నా చెయ్యి పట్టుకుంది. ముప్పై ఏళ్ళకు పైగా బెత్తం పట్టిన ఆ చెయ్యి చల్లగా ఉంది. తాను పెట్టింది అబద్ధమని చెప్పే వీడియో ఆ మనిషి ఎన్నడూ పెట్టలేదు.

ఇంకా ఘోరం తర్వాత జరిగింది. మరుసటి వానాకాలం రాగానే, గ్రూపులో నోరు మూసుకున్న వాళ్ళే ఒక్కొక్కరూ చాటుగా ఫోన్లు చేయడం మొదలుపెట్టారు. ఈగలు పెట్టె ఇడిసి లేచిపోతున్నయి టీచరమ్మా, రాణి కనబడుతలేదు టీచరమ్మా అని. ఆమె ఓపిగ్గా చెబుతోంది. పక్కనే కూర్చుని విన్న నేను, ఫోను పెట్టగానే అడిగాను:

“ఆనాడు వీళ్ళ నోట్ల ఒక్క మాట రాలే. ఎందుకు చెప్తున్నవ్ చిన్నమ్మా?”

“వాళ్ళ కోసం చెప్తున్ననా? చెప్పకపోతే ఆడ పెట్టెల ఈగలు సస్తయి. అవేం పాపం చేసినయే? నా కోపం మనుషుల మీద, గంతే.”

ఆమెలా మనుషుల్నీ ఈగల్నీ విడదీసి చూడడం నాకు చేతకాదు. ఆ ఫోన్లు చేసిన వాళ్ళలో ఎవరైనా ఇవాళ ఎదురుపడితే నడిరోడ్డు మీదే నిలబెట్టి అడుగుతాను. కాలం అన్నిటినీ మాన్పుతుందని చెప్పిన వాళ్ళు ఏ గాయాన్ని చూసి చెప్పారో నాకు తెలియదు. ఏడాదికేడాది ఆ వీడియో ఇంకో ఊరి పేరుతో తిరిగొస్తోంది, నా కోపం కూడా ముదురుతోంది.