పండగ మాత్ర, మేనత్త తలనొప్పి

మా మేనత్త పోయిందని ఆమె అత్తగారి ఊరు పాలకోడు నుంచి ఫోను వచ్చిన ఉదయం, నేను ఆమెకే ఫోను చేయాలని కూర్చుని ఉన్నాను. ఒక్క మాట అడగాలి. మా అమ్మాయికి ఆ మాత్ర ఇవ్వనా, వద్దా? అడగకముందే వెళ్లిపోయింది. గుండె ఆగిందన్నారు. అప్పటినుంచి నా మనసు ఒకచోట నిలవడం లేదు. పొయ్యి మీద పాలు పెట్టి పూజ గదిలోకి పోతాను, దీపం వెలిగించబోయి మళ్లీ పొయ్యి దగ్గరికి వస్తాను. నోటితో ఎవరికీ చెప్పుకోలేని సంగతి కాబట్టి రాస్తున్నాను. మేముండేది తమిళ ఊళ్లలో కాబట్టి బడిలో నేను చదివింది తమిళమే. తెలుగు అక్షరాలు దిద్దించింది మేనత్తే.

సంగతి ఇది. ఆడి నెలలో, అంటే మన ఆషాఢం వేళకు, మా వీధి అమ్మవారి పండగకు, మా అత్తగారింటి తరఫున, కొడుకు బిడ్డ అయినా కూతురు బిడ్డ అయినా, పెళ్లికాని ఆడపిల్ల పిండి దీపం పళ్లెం తలమీద పెట్టుకుని గుడికి నడవాలి. ఈసారి మా అమ్మాయి వంతు. సరిగ్గా పండగకే దానికి నెలసరి వచ్చేలా ఉంది. నెలసరిని వెనక్కి జరిపే మాత్రలు మా పెద్ద ఆడబిడ్డ కొని తెచ్చి ఇచ్చింది. మా ఇళ్లలో ఇది కొత్త కాదు. పండగ వస్తే పసుపు కుంకుమలతో పాటు ఆ మాత్రల అట్ట కూడా ఇంట్లోకి వస్తుంది. కానీ మా అమ్మాయికి నెలసరికి ముందు ఒకపక్క తలనొప్పి వస్తుంది. నొప్పికి ముందు కంటి ఎదుట మెరిసే వంకర గీతలు కనబడతాయి. అచ్చం మా మేనత్తకు వచ్చినట్టే.

మేనత్తకు నొప్పి ఎడమ కణతలో మొదలై, కంటి వెనక్కి పాకి, అక్కడినుంచి దవడలోకి దిగేది. ఆమె టమాటా మండీ నడిపే ఇంటి కోడలు. నొప్పి రోజున ఆ వాసనకే వాంతి చేసుకునేది. శొంఠి అరగదీసి నుదుటికి పట్టు వేసి, తెల్ల తువ్వాలు బిగించి కట్టుకుని, ఆ తలతోనే అందరికీ వండేది. "తలకు గుడ్డ కట్టినావంటే పని ఎగ్గొట్టే రోజు వచ్చినట్టే" అని ఆమె అత్త దెప్పేది. దవడ నొప్పి కదా, పన్ను పుచ్చిందేమోనని మామయ్య పన్ను పీకించాడు. మంచి పన్ను. మరుసటి నెల నొప్పి మళ్లీ అదే దవడలోకి దిగింది. నేను చూడడానికి పోతే, బుగ్గ పట్టుకుని నవ్వింది.

"పన్ను ఇల్లు ఖాళీ చేసి పోయిందే. నొప్పి మాత్రం కదలను అంటాది."

పండగ మాత్ర ఆమెకు ఏళ్ల తరబడి అలవాటు. పండగ బాగా జరిగేది. మాత్ర ఆపాక చీకటి గదిలో పడి ఉండేది. అమ్మవారి సేవ చేసిన అలుపు అనేవారు ఇంట్లో. ఆమె కూడా అదే నమ్మింది. ఒక ఏడు నొప్పితో పాటు మాట తడబడి, కుడి చేయి తిమ్మిరి ఎక్కింది. భయపడి మా ఊరు ధర్మపురిలో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకొచ్చారు. లోపలికి తోడు వెళ్లింది నేనే.

డాక్టరమ్మ ముందు నెలసరి గురించి అడిగింది. కడుపుతో ఉన్నప్పుడు నొప్పి వచ్చిందా అని అడిగింది.

మేనత్త ఆశ్చర్యంగా నా వైపు చూసి, డాక్టరమ్మను అడిగింది. "బిడ్డను మోసిన ఆఖరి నెలలంతా నా తల నాదిగా ఉండె. కాన్పయిన వారానికే మళ్లీ వచ్చె. మీకెట్ల తెలిసె?"

ఆడవాళ్ల ఒంట్లో ఊరే ఒక హార్మోను నెలసరికి ముందు తగ్గిపోతుందట. ఆ తగ్గడం కొందరి తలకు పడదట. నొప్పి ముఖంలోకీ దిగి, పంటి నొప్పిలా మోసం చేస్తుందట. మాత్ర ఆపినప్పుడూ అలాంటి కుదుపే. కంటి ముందు గీతలు కనబడేవాళ్లు డాక్టరును అడగకుండా ఏ హార్మోను మాత్రా మింగకూడదని, కొన్నింటితో పక్షవాతం భయం కూడా ఉందని గట్టిగా చెప్పింది.

మేనత్త మళ్లీ ఆ మాత్ర ముట్టలేదు. మరుసటి పండగ నాడు ఆమె బయట చేరింది. నేను అక్కడే ఉన్నాను.

"అమ్మవారికి ఏం జవాబు చెప్తావే?" అని ఆమె అత్త అరిచింది.

"ఆమె అడిగితే కదా అత్తా. అడుగుతా ఉండేది మీరు."

సాయంత్రం ఊరేగింపు వేళకు, తలకు తువ్వాలుతోనే, రోడ్డు అవతల ఒంటరిగా నిలబడింది. పల్లకి మోసేవాళ్లు భుజం మార్చుకోవడానికి సరిగ్గా ఆమె ఎదుట ఆగారు. ఆమె చేతులు జోడించింది. "నేను పోలేని నాడు ఆమే వస్తాది" అంది నాతో తర్వాత, పెద్ద విషయం కానట్టు.

నెలసరి ఆగిపోయే వయసులో ఆమె నొప్పి వేళాపాళా లేకుండా తిరిగి, తర్వాత తనంతట తానే పోయింది. ఇప్పుడు నాది ఆ వయసే. నా కణతలు కూడా తోచినప్పుడు పోటు పెడుతున్నాయి. "ఓర్చుకోవే, వాన వెలిసినట్టు వెలుస్తాది. అంతవరకు డాక్టరును అడుగు, ఊర్లో వాళ్లను అడగొద్దు" అని ఈమధ్యే అంది.

మేనత్త మైల మా ఇంటికి లేదు కాబట్టి పండగ ఆగదు. నిన్న ఆడబిడ్డ వచ్చింది.

"మాత్ర మొదలుపెట్టినావా?"

"లేదు వదినా."

"అమ్మవారి పనమ్మా. ఒక్కసారికి పిల్లకు ఏమవుతాది?"

నేను ఆమెకు ఎదురు చెప్పి ఎరుగను. "డాక్టరు సరే అంటేనే ఇస్తాను వదినా. వద్దంటే పళ్లెం మీ పిల్ల ఎత్తుకోనీ. మా పిల్ల రోడ్డు అవతల నిలబడి దండం పెట్టుకుంటాది."

ఆమె చెప్పులు వేసుకుని వెళ్లింది. లోపలినుంచి అమ్మాయి గొంతు వినిపించింది. "అమ్మా, అత్త ఇంటికి పోయిందా? అయితే లైట్ ఆఫ్ చెయ్యి. తల పగులుతా ఉంది."

ఈ పొద్దున దాన్ని డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. గీతల సంగతి వినగానే డాక్టరమ్మ ఆ మాత్ర వద్దనేసింది. తప్పు చేస్తున్నానా అని ఇంటికొచ్చి అమ్మవారి ముందు నిలబడ్డాను. దీపం ఎప్పటిలాగే వెలుగుతోంది. మాత్రల అట్ట తీసుకుపోయి షాపులోనే ఇచ్చేశాను. మనసు ఇంకా పూర్తిగా కుదురుకోలేదు.

మేనత్త ఇంటినుంచి నేను అడిగి తెచ్చుకున్నది ఆ తువ్వాలు ఒక్కటే. ఈ కాగితాలు అందులో చుట్టి పెడుతున్నాను. మా అమ్మాయికి తెలుగు చదవడం రాదు. చదవడం వచ్చిన ఆడవాళ్లు ఎవరైనా దానికి వినిపించి, మళ్లీ ఇందులోనే దాచండి. ఇంకెవరికీ చూపవద్దు. ఎన్నిసార్లు ఉతికినా తువ్వాలులో ముడి వేసిన చోట మడత పోలేదు. నుదుటి దగ్గర శొంఠి మరక కూడా అలాగే ఉంది.