మామ కోసం వేసిన లైటు

ఆ రోజుల్లో మా ఊళ్ళో కరెంటు పోయిందంటే ఇంటిల్లిపాదికీ నాతో పని పడేది. అగ్గిపెట్టె ఎక్కడుందో, నాయన చెప్పులు ఏ మూల విడిచాడో, బుడ్డిదీపంలో కిరసనాయిలు ఉందో లేదో చెప్పాల్సింది నేనే. చిన్నతనంలో జ్వరమొచ్చి చూపు పోయిన నాకు కరెంటు ఉన్నా లేకపోయినా ఒకటే కాబట్టి, ఆ గంటో రెండు గంటలో ఇంటికి నేనే పెద్దదిక్కు. కరెంటు రాగానే ఆ పదవి ఊడిపోయేది. "నువ్వు ఆడ కూర్చోరా, తట్టుకుంటావు" అనేవాళ్ళు. (అంతసేపూ తట్టుకున్నది వాళ్ళు, జాగ్రత్తలు మాత్రం నాకు!) ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, అప్పట్లో ఒళ్ళు మండేది.

మాది బేస్తవారిపేట దగ్గర పల్లె. నాయనకు మేకలున్నాయి, కాస్త మెట్ట చేనుంది. నేను కంభంలో బోరు మోటార్లకు రాగితీగ చుట్టే దుకాణంలో పని నేర్చుకుని, నాలుగు డబ్బులు తెచ్చే స్థితికి వచ్చాను. ఆ పనికి కళ్ళకన్నా వేళ్ళు ముఖ్యం. పని కుదిరింది కాబట్టి ఇక పెళ్ళి కూడా కుదిరినట్టేనని నాకు నేనే తీర్మానించుకున్నాను. పిల్ల ఎవరో వేరే చెప్పాలా? అర్ధవీడులో ఉండే మా మేనమామ కూతురు. ఆమెకు నేనంటే ఇష్టమని నాకు తెలుసు. మా ఇంటికి వచ్చినప్పుడల్లా అందరికన్నా ఎక్కువ నన్నే ఏడిపించేది. మా అమ్మ ఒకసారి ధైర్యం చేసి తమ్ముణ్ణి అడిగేసింది. మామ చాలాసేపు చుట్ట కాల్చుకుని, "వాడు మంచోడే అక్కా. కాదనను. గానీ నా బిడ్డ జీవితమంతా చీకట్లో బతకాల్నా?" అన్నాడు. నేను గోడకవతలే ఉన్నాను. కళ్ళు లేవన్నారంటే సరే, అది నిజమే. చీకటి అంటాడేంది? చీకటి ఎట్లుంటుందో కూడా నేను మర్చిపోయాను!

సరిగ్గా అప్పుడే పాత ఇంటి పక్కన మాకు రెండు గదుల కొత్త ఇల్లు లేస్తోంది. ఇంటి పని అయిపోగానే వచ్చి ఒక రాత్రి ఉండి, చూసి, మాట చెబుతానని మామ కబురు పెట్టాడు. చూసేదేదో చూపిద్దామని, వైరింగు మొత్తం నేనే చేస్తానని ఇంట్లో ప్రకటించాను. అమ్మ ఏడ్చింది. నాయన మాత్రం, "చెయ్యనియ్యి, వాడు పట్టుకుంటే వదిలే రకం గాదు" అన్నాడు. (పొగిడాడో తిట్టాడో నాకు ఇప్పటికీ తెలీదు.)

మేస్త్రీ గోడలు కొట్టి పైపులు పెట్టి పోయాడు. వైర్లు లాగడం, బోర్డులు బిగించడం నా పని. వైరు రంగులు నాకు తెలియవు కాబట్టి దుకాణంలోనే ఒక్కో చుట్టా విడివిడిగా చెప్పించుకుని, కోసిన ప్రతి ముక్కకూ రెండు కొసల్లో ముడులు వేసుకున్నాను. కరెంటు తెచ్చే వైరుకు ఒక ముడి, ఎర్తు వైరుకు రెండు, మిగిలినదానికి ఏమీ ఉండదు. అందరూ వాడే టెస్టరు వెలిగి చెబుతుంది, అది నాకెందుకు? కాలింగ్ బెల్లులోంచి తీసిన బజరుకు రెండు బ్యాటరీలు కట్టుకున్నాను. కరెంటు కట్టేసి దాన్ని వైరు రెండు కొసలకూ ఆనిస్తే, లోపల తెగకుండా ఉంటే గుయ్యిమంటుంది. ఇక అన్నిటికన్నా పెద్ద నియమం ఒకటుంది. పని మొదలుపెట్టే ముందు మెయిన్ బోర్డు మీది పింగాణీ ఫ్యూజు పీకి నా చొక్కా జేబులో వేసుకునేవాణ్ణి. అది నా జేబులో ఉన్నంతసేపు ప్రపంచంలో ఎవరు ఏ మీట నొక్కినా నా ప్రాణానికి ఢోకా లేదు. ఆ ఫ్యూజును కన్నతల్లి చేతికి కూడా ఇచ్చేవాణ్ణి కాదు. ఏ మీట దేనిదో తెలియడానికి, మా మరదలు మా ఇంట్లో మర్చిపోయి వెళ్ళిన గోళ్ళరంగు సీసా పనికొచ్చింది. ఫ్యాను మీట మీద ఒక చుక్క, లైటు మీట మీద రెండు. ఆరాక వేలికి బొడిపెలా చక్కగా తగిలేది. (సీసా తిరిగి ఇవ్వకపోవడానికి ఇంకో కారణం కూడా ఉందనుకోండి.)

పనంతా అయ్యాక మా దుకాణం యజమాని ఒక మధ్యాహ్నం వచ్చి, మీటరు పెట్టి ఒక్కో పాయింటూ చూసి, "పర్వాలేదురా, నేను చేసినట్టే ఉంది" అన్నాడు. అయినా నా తృప్తి కోసం నేను ఇంకో పరీక్ష పెట్టుకున్నాను. ప్రతి లైటు హోల్డరుకూ ఒక ప్లగ్గు తగిలించి, దాని కింద రేడియో వేలాడదీసి, మీట నొక్కాను. అన్నిచోట్లా రేడియో పాడింది. ఇక వంక పెట్టడానికి ఏముంది? మా వాళ్ళెవరూ మాత్రం ఆ ఇంట్లో కాలు పెట్టేవాళ్ళు కాదు. షాకు కొడుతుందని భయం. ఒకే ఒక్కసారి అమ్మ హవాయి చెప్పులు వేసుకుని వచ్చి, దూరం నుంచి పప్పుగుత్తితో ఫ్యాను మీట నొక్కి, అది తిరగగానే పరుగెత్తి బయటపడింది.

మామ, అత్త, మరదలు సాయంత్రం బస్సుకు దిగారు. పొద్దు గూకేదాకా నేను ఎవర్నీ లోపలికి రానివ్వలేదు. చీకటి పడ్డాకే గదా లైటు గొప్పతనం తెలిసేది! తర్వాత అందర్నీ చాప మీద కూర్చోబెట్టి, నేను బోర్డు పక్కన నిలబడ్డాను. "మామా, ఇది ఫ్యాను" అని నొక్కాను. గిర్రుమంది. "ఇది ప్లగ్గు" అన్నాను. రేడియో అందుకుంది. "ఇంక ఇది లైటు మామా" అని రెండు చుక్కల మీట దర్జాగా నొక్కాను.

ఎవరూ ఒక్క మాట మాట్లాడలేదు. మామకు నోట మాట రాలేదని నా గుండె పొంగిపోయింది. కాసేపు ఆగి, మర్యాదగా ఉంటుందని, "వెలుగు ఎట్లుంది మామా? కళ్ళకు ఎక్కువైతే చెప్పండి, మొగమాటం వద్దు. తక్కువ వాట్లది పెడతాను" అన్నాను. చివరికి ఒక మూల నుంచి కిసుక్కున నవ్వు వినబడింది.

"వెలుగు బానే ఉంది గానీ బావా, బల్బు యాడ పెట్టినావు?"

భూమి చీలితే లోపలికి పోదామనుకున్నాను. మూడు హోల్డర్లు బిగించాను, ముప్పైసార్లు తడిమాను, వాటికి బల్బులు కొనాలన్న ఆలోచనే రాలేదు! నా లెక్కలో రేడియో పాడితే లైటు వెలిగినట్టే. (దుకాణం యజమాని తర్వాత, "ఆఖర్న పెట్టుకుంటావులే అనుకున్నా గదరా" అని నెత్తి కొట్టుకున్నాడు.) మామ లేచి నిలబడ్డాడు. "చూసినావా అక్కా? నేను ముందే చెప్పినా. పదండి, ఇంకో బస్సుంటాది" అన్నాడు. అమ్మ ముక్కు చీదడం వినబడింది. పెళ్ళి మాట అక్కడితో అయిపోయిందనే అనుకున్నాను. మామకు చీకట్లో చెప్పులు దొరక్క తడుముకుంటుంటే, నేనే పోయి గడప పక్కనున్న జత తీసి ఆయన చేతికిచ్చాను.

"ఆగు నాయనా," అంది మరదలు. "బావ బల్బు మర్చిపోయినాడు గానీ ఒక్క వైరైనా మర్చిపోయినాడా? ఫ్యాను తిరిగిందా, రేడియో పాడిందా? మనింట్లో కరెంటాయన వచ్చి వేసిన ఫ్యాను ఎండాకాలం నుంచీ తిరగనే లేదే! ఆయన్నెందుకు అడగవు?" అంటూ బయటికి పోయి, మేకల కొట్టంలో వేలాడే బల్బు ఊడదీసి తెచ్చి నా చేతిలో పెట్టింది. "నువ్వే పెట్టు బావా."

నేను మీటలన్నీ కట్టేసి ఫ్యూజు పీకాను. అలవాటుగా చెయ్యి జేబు దాకా పోయింది. ఏమనిపించిందో, జేబులో వెయ్యకుండా దాన్ని ఆమె అరచేతిలో పెట్టి, "ఇది నీ దగ్గరుండనీ. నేను అడిగేదాకా ఎవరికీ ఇయ్యద్దు" అన్నాను. "మా నాయన అడిగినా ఇయ్యను" అంది. మామ ఆ చీకట్లో చేసేదేమీ లేక నా స్టూలు పట్టుకున్నాడు. పట్టుకున్నాడు అంటే, స్టూలుతోపాటు ఆయనా వణికాడు. "పైలం రా అల్లుడా, పైలం" అంటూనే ఉన్నాడు. బల్బు నొక్కి తిప్పి బిగించి దిగాను. ఫ్యూజు అడిగి తీసుకుని దాని చోట పెట్టాను. బోర్డు దగ్గర నుంచి మరదలు, "రెండు చుక్కలున్నదేనా లైటు?" అంది. నేను చెప్పకుండానే, చీకట్లో మీటలన్నీ వేలితో తడిమి తనే కనుక్కుంది. ఆ వెంటనే, "ఓయ్, ఇది నా గోళ్ళరంగు గదా!" అని మీట నొక్కింది.

"వచ్చిందిరా!" అని అమ్మ అరిచింది. నాకు ఎవరి మాట మీదా నమ్మకం లేక మళ్ళీ స్టూలెక్కి బల్బు దగ్గర చెయ్యి పెట్టాను. వెచ్చగా తగిలింది. నవ్వో ఏడుపో తెలియకుండా వచ్చేసింది. కింద మామ చుట్ట వెలిగించుకుని, "అక్కా, ముహూర్తం చూపించు. ఈసారి బల్బులు నేనే తెస్తాలే" అన్నాడు.

ఇప్పుడు ఫ్యూజులు పోయి మీటతో కట్టేసేవి వచ్చాయి, బల్బులు కూడా వెచ్చగా ఉండనివి వచ్చాయి. వెలిగిందో లేదో తెలుసుకునే దారి నాకు లేకుండా పోయింది. మా ఆవిడ కంభంలో కుట్టుపనికి పోయి పొద్దుపోయాక వస్తుంది. ఆమె వచ్చేలోపు ముందు గదిలో లైటు వెయ్యడం నా పని. అది నేను ఒక్కరోజైనా మర్చిపోను. మొన్న పక్కింటాయన వచ్చి, "ఏంది అన్నా, ఈ మధ్య మీ ముందర గది చీకటిగానే ఉంటాది?" అన్నాడు. బల్బు ఎప్పుడో పోయిందట! ఆమె రాగానే గట్టిగానే అడిగాను, ఎందుకు చెప్పలేదని. "నువ్వు దినామూ అంత బుద్ధిగా మీట నొక్కి నా కోసం కూర్చోనుంటే ఎట్ల చెప్పేది బావా?" అంది.

వెంటనే కొత్త బల్బు తెప్పించి, మెయిన్ కట్టేసి, ఎవరూ వెయ్యకుండా ఆమెను బోర్డు దగ్గర కాపలా నిలబెట్టి, స్టూలెక్కి పెట్టాను. మోకాళ్ళు మునుపటిలా లేవు. దిగి, మెయిన్ వేయించి, రెండు చుక్కల మీట వెతికి నొక్కాను. ఆమె మాట్లాడలేదు. చాలాసేపటికి అంది: "కళ్ళకు కాస్త ఎక్కువైంది బావా. తక్కువ వాట్లది పెట్టు."

అప్పటి నేనైతే ఇంకో ఉపన్యాసం మొదలుపెట్టేవాణ్ణే. ఇప్పుడు స్టూలు తీసి మూలన పెట్టి, నవ్వుకుంటూ అన్నానికి కూర్చున్నాను.