బిక్షమ్మ రెండు సంచులు

ఎర్రగుంటపల్లిలో ఎవరింట్లో ఏం జరుగుతోందో తెలుసుకోవడానికి గోడకు చెవి ఆనించాల్సిన పని లేదు. శనివారం పొద్దున బిక్షమ్మ వచ్చేదాకా ఓపిక పడితే చాలు.

దేవరకొండకు ఆరు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ ఊళ్లో చర్చికి వచ్చే ఇళ్లు నలభై. ప్రతి ఇంట్లో పొయ్యి పక్కన ఒక డబ్బా ఉంటుంది. ఎసట్లో బియ్యం పోసే ముందు ఇల్లాలు ఒక పిడికెడు తీసి ఆ డబ్బాలో వేస్తుంది. పూటకో పిడికెడు. దాన్ని దేవుడి పిడికెడు అంటారు. శనివారం బిక్షమ్మ భుజాన సంచి వేసుకుని ఇల్లిల్లూ తిరిగి ఆ డబ్బాలు కుమ్మరించుకుంటుంది. గురువారం ఆ బియ్యం వండి, ఆటోలో దేవరకొండ తీసుకెళ్లి, సర్కారు దవాఖాన గేటు ముందు రోగుల వెంట వచ్చినవాళ్లకు పెడతారు. పప్పూ నూనే ఆదివారం కానుకల్లోంచి వస్తాయి. గ్యాస్ సిలిండర్లకు కోతల పండుగ వేలంపాట ఉంది. ఆ రోజు ఒక్క గుమ్మడికాయను నలుగురు కొని, నలుగురూ మళ్లీ చర్చికే ఇచ్చేస్తారు, ఐదోవాడు మాత్రం ఇంటికి తీసుకెళ్లి కూర వండుకుంటాడు.

బిక్షమ్మకు అరవై రెండేళ్లు. మోకాళ్లు రెండూ పోయాయి, నోరు మాత్రం భేషుగ్గా ఉంది. భర్త లింగస్వామి ఉన్నన్నాళ్లూ ఇద్దరూ పత్తి ఏరారు, ఇటుకలు మోశారు. ఆయన పోయాక, కూతురు పెళ్లయి నారాయణపేట వెళ్లాక, ఇంట్లో మాట్లాడటానికి మేక తప్ప ఎవరూ మిగల్లేదు. ఆ మేక కూడా సగం మాట వినకుండానే లేచి వెళ్లిపోయేది. అందుకే శనివారం అంటే ఆమెకు పండుగ.

డబ్బాలో చెయ్యి పెడితే చాలు, ఆ ఇంటి సంగతంతా ఆమెకు తెలిసిపోయేది. డబ్బా సగమే ఉంటే ఇంటాయనకు షుగరు వచ్చి రొట్టెలు తింటున్నాడన్నమాట. ఒక ఇంట్లోంచి ఉన్నట్టుండి రెండు డబ్బాలు వస్తే, పైకి ఎంత నవ్వుతూ మాట్లాడినా అత్తాకోడళ్లు పొయ్యిలు వేరు పెట్టుకున్నట్టే. ఒకసారి ఒక ముసలాయన డబ్బాలో అడుగున నాలుగు గింజలే కనిపించాయి. "ఏం పెద్దయ్యా, పొయ్యి ముట్టియ్యలేదా?" అంటూ లోపలికి పోయి చూస్తే, ఆయన నాలుగు రోజులుగా జ్వరంతో మంచం దిగలేదు. ఆ పూటే దవాఖానకు ఆటో ఎక్కించింది.

ఇక ఆ దవాఖాన గేటు ఆమెకు కొత్తది కాదు. లింగస్వామి లోపల పడుకున్న పదకొండు రోజులూ ఆమె బయట బన్ను తిని, నల్లా నీళ్లు తాగి కూర్చుంది. ఆ సంగతి ఆమె ఎవరికీ ఎక్కువగా చెప్పదు. ఎక్కువగా చెప్పని సంగతి ఆమె దగ్గర అదొక్కటే.

అంతా బాగానే నడుస్తుండగా బియ్యం దగ్గరే బెడిసికొట్టింది. రేషన్ షాపుల్లో ఇంకా దొడ్డు బియ్యమే ఇస్తున్న రోజులవి. నలభై ఇళ్ల బియ్యం ఒకే సంచిలో పడితే, సగం రేషన్ దొడ్డువి, సగం సన్నవి. ఒకే గంజులో ఉడికిస్తే సన్నవి మెత్తబడి ముద్దయ్యేవి, దొడ్డువి పలుకులుగా మిగిలేవి. ఒక గురువారం తండా నుంచి వచ్చిన ఒకాయన ముద్ద నోట్లో పెట్టుకుని, "అమ్మా, గిది అన్నమా? అంబలిల రాళ్లేసిన్రా?" అని అడిగాడు. ఇంకొకాయన విస్తరాకు కుక్క ముందు పెట్టాడు. కుక్క మెత్తనిదంతా నాకేసి, పలుకులు పక్కన పెట్టి పోయింది.

చర్చికి కొత్తగా వచ్చిన పాస్టరు సాల్మన్ ఆ కుక్కను కళ్లారా చూశాడు. చౌటుప్పల్ కుర్రాడు, ముప్పై నిండలేదు, ఏ పనైనా చకచకా అయిపోవాలంటాడు. మర్నాడే బిక్షమ్మను పిలిచాడు. పక్కన ఆమె వంట జోడీ ఎస్తేరు కూడా ఉంది.

"అవ్వా, వచ్చే నెల నుంచి గీ పిడికిళ్లు బంద్ చేద్దాం. అందరు ఫోన్‌ల పైసలేస్తరు. మిల్లుల ఒక్కతీరు బియ్యం కొందాం. నీ మోకాళ్లకు గూడ జర రెస్టు దొరుకుతది."

"నా మోకాళ్లేమన్న మీకు దరఖాస్తు పెట్టుకున్నయా అయ్యగారూ?" అంది బిక్షమ్మ.

"గట్ల కాదవ్వా. కుక్క సుత తింటలేదు గద."

"కుక్కకు నోట్ల పండ్లు లేకుంటే మేమేం జేస్తం?" అంది ఎస్తేరు.

సాల్మన్‌కు నవ్వొచ్చింది కాని ఆపుకున్నాడు. "సరే. వచ్చే గురువారం ఒక్కటి చూద్దాం. అన్నం మంచిగైతే నీ సంచి నీదే. కాకుంటే నేను చెప్పినట్టే."

బిక్షమ్మ ఇంటికి వచ్చి మేక ముందు కూర్చుంది. సంచి పోతే శనివారం పోతుంది. శనివారం పోతే ఏ ఇంటి గడపలోకి ఏ పని మీద పోవాలి? ఊరికే పోతే ముచ్చట్లకు వచ్చిందంటారు. బియ్యానికి పోతే మర్యాదగా పీట వేస్తారు. రాత్రంతా ఆలోచించి ఒక ఉపాయం పట్టింది. దొడ్డువి వేరే, సన్నవి వేరే తీసుకుంటే గొడవే ఉండదు కదా!

శనివారం రెండు సంచులతో బయలుదేరింది. ఎర్ర సంచి దొడ్డు బియ్యానికి, తెల్ల సంచి సన్నబియ్యానికి.

ఎర్రగుంటపల్లిలో అంతటి పొరపాటు అంతకుముందు ఎవరూ చేయలేదు. బిక్షమ్మ ఏ గడప ముందు ఆగితే ఆ వాడంతా పనులు ఆపి చూడటం మొదలుపెట్టింది, ఏ సంచి మూతి విప్పుతుందోనని. మొదటి ఇంటి ఇల్లాలు డబ్బా తెచ్చి, ఎర్ర సంచిని చూసి, ఎదురింటి అరుగు వైపు చూసి, డబ్బాను కొంగు చాటున పెట్టుకుంది.

"మేం సన్నయే తింటున్నం బిక్షమ్మక్కా. గివి కోళ్లకు పెట్టినయి. జర ఆగు, లోపటికెళ్లి తెస్త."

రెండో ఇంట్లోనూ కోళ్లకే. మూడో ఇంట్లో కోళ్లు లేవు కాబట్టి పిచ్చుకలకు అన్నారు. చివరికి ఎస్తేరు ఇంటికి వచ్చింది. ఎస్తేరు ఇంటిల్లిపాదీ రేషన్ బియ్యం తింటారని బిక్షమ్మకు తెలుసు, ఎస్తేరుకు తెలుసు, రేషన్ డీలరుకూ తెలుసు.

ఎస్తేరు ఒక గిలాసెడు సన్నబియ్యం తెచ్చి, వీధంతా వినపడేలా తెల్ల సంచిలో పోసింది.

బిక్షమ్మ సంచిలో చెయ్యి పెట్టి ఒక లవంగం పైకి తీసింది. "ఎస్తేరూ, గిదేందే?"

"లవంగం."

"పురుగు పట్టకుండ బియ్యంల లవంగాలేసేది ఊరంతట్ల ఒక్క సుచరిత టీచరే. ఇంతకుముందు అయిదిండ్ల బియ్యంల గివే లవంగాలు ఎల్లినయి. నీది ఆరో ఇల్లు."

"మెల్లగ మాట్లాడే నీ పుణ్యముంటది! టీచరమ్మ అప్పిచ్చింది. అందరు జూస్తుంటే నన్నొక్కదాన్నే ఎర్రసంచిల పొయ్యమంటవా?"

సాయంత్రానికి ఎర్ర సంచి ఎలా పోయిందో అలాగే వచ్చింది. తెల్ల సంచిలో కుంచెడు కూడా లేవు. అందులో సగం సుచరిత టీచరు బియ్యమే, ఆరు గడపల మీదుగా ఊరేగి వచ్చాయి. పాపం టీచరమ్మ ఇంట్లోనే ఆ రాత్రి అన్నం చాలక ఉప్మా చేసుకున్నారట.

గురువారం గేటు దగ్గర వందమంది కూర్చుంటారు. ఉన్న బియ్యం పాతికమందికి రావు. ఆది, సోమ రెండు రోజులూ బిక్షమ్మకు ముద్ద దిగలేదు. మంగళవారం జొన్నలు పట్టించుకుందామని వెంకటయ్య పిండిగిర్నికి పోయి, జొన్నల సంగతి మరిచి, గోడకు ఆనుకుని కూర్చుంది. వెంకటయ్య పిండి మీసాలతో తొంగి చూశాడు.

"ఏందొదినా, మొకం గట్ల పెట్టినవ్?"

ఆమె మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. గిర్ని చప్పుడులో సగమే వినపడినా, వెంకటయ్య అంతా విన్నట్టు తలూపాడు.

"మీ చర్చోళ్లందరిని ఒక్కపారి గీడికి తోలియ్యి. నా గిర్ని దొడ్డు సన్నం అడగది. ఏది పోసినా కిందికెళ్లి ఒక్కతీరే ఎల్లుతది."

బిక్షమ్మ లేచి నిలబడింది. మోకాళ్ల సంగతి కూడా గుర్తు రాలేదు.

"మరిదీ! బియ్యం పోస్తే?"

"పిండి ఎల్లుతది."

"పిండి గాదు. నూకలు గావాలె. రాళ్ల నడుమ జర సందు పెడితే?"

"నూకలెల్లుతయి. అయితే ఏంది?"

"దొడ్డుది పగిలినంక దొడ్డుదని ఎవ్వరు గుర్తువడ్తరు మరిదీ? అన్ని ఒక్కతీరు ఉడుకుతయి. పెసరపప్పేసి కిచిడి జేస్తే నమిలే పనే లేదు."

వెంకటయ్య మీసాల పిండి దులుపుకుని, "రేపు తే. కూలి ఒద్దు," అన్నాడు. అప్పుడే చాటలో జొన్నలతో వచ్చిన ఆయన భార్య గుర్వమ్మ ఆ మాట విని, "గుడికైతే ఏనాడన్న గిట్ల ఊకెనే పట్టిచ్చినవా?" అని మొగుణ్ని నిలదీసింది. దవాఖానలో ఉండేవాళ్ల కోసమని తెలిశాక, చాటలో ఒక మూల జొన్నలు తీసి బిక్షమ్మ కొంగులో పోసింది. "గివి గూడ కలుపు. ఎట్లైనా పలుగుతయి గద."

బుధవారం బిక్షమ్మ ఒకటే సంచితో మళ్లీ ఊరు తిరిగింది. ప్రతి గడపలోనూ ఒకటే మాట: "దొడ్డో సన్నమో నాకు జెప్పకుర్రి. అన్ని గిర్నిల పడేటియే." అంతే, కోళ్లవని చెప్పిన బియ్యం బయటికొచ్చాయి. పిచ్చుకల బియ్యం కూడా వచ్చాయి. వాటితో పాటు బుధవారం దాకా తీసిన పిడికిళ్లూ కలిశాయి. ఎస్తేరు డబ్బా నిండుగా తెచ్చి, ఈసారి గొంతు తగ్గించి, "టీచరమ్మకు బాకీ తీర్చంగ మిగిలినయి," అంది.

గురువారం గేటు దగ్గర రెండు పెద్ద గంజులు దిగాయి. పసుపు పచ్చగా నూకల కిచిడి, జీలకర్ర వాసన రోడ్డు దాకా కొడుతోంది. సాల్మన్ చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డాడు. బిక్షమ్మ గరిటె పట్టుకుంది. మొదటి ముద్ద పెట్టుకున్నది ఒక ముసలామె. పళ్లు లేవు. నోరు రెండుసార్లు ఆడించింది, మింగింది, మళ్లీ ఆకు చాపింది.

"ఇంకింత పెట్టు బిడ్డా. లోపట మా ముసలోడు సుత గిదైతే తింటడు."

ఆ మాట వార్డులోకి పోయింది. గిన్నెలు, టిఫిన్ డబ్బాలు, ఒకరిదైతే నీళ్ల చెంబు, వరస కట్టి బయటికొచ్చాయి. ఒక నర్సమ్మ వచ్చి, "బీపీ ఉన్నోళ్లకు ఉప్పు తక్కువేసి ఇంకో గంజు చెయ్యరాదమ్మా?" అని అడిగింది.

"ఉప్పు లేని కూడు తినేకంటే బీపీ నయం గద," అంది ఎస్తేరు. బిక్షమ్మ మోచేత్తో ఆమెను ఒక్క పోటు పొడిచి, "చేస్తమమ్మా," అంది.

అరగంటలో గంజులు ఖాళీ. సాల్మన్ గరిటెతో అడుగు గీకి చూశాడు. ఒక చెంచాడు దొరికింది. తిని, వేళ్లు నాకి, "అవ్వా, సంచి నీదే," అన్నాడు.

బిక్షమ్మ మొహం తిప్పుకుని కొంగుతో కళ్లు తుడుచుకుంది. "పొగ అయ్యగారూ," అంది. అక్కడ పొయ్యి లేదు.

ఇప్పుడు మూడు గంజులు వండాలి. నలభై ఇళ్ల పిడికిళ్లు చాలవు. గుర్వమ్మ వాడలో చర్చికి రానివాళ్లు కూడా, మేమూ ఇస్తామని డబ్బాలు పెట్టుకున్నారు. అన్ని ఇళ్లు తిరగడం బిక్షమ్మ మోకాళ్లతో అయ్యే పని కాదు. అందుకని శనివారం సాల్మనే ఎర్ర సంచి బండి మీద పెట్టుకుని, "ఎనక వాడ నేను చూసుకుంట," అని బయలుదేరాడు.

ఇరవై ఐదు నిమిషాల్లో తిరిగొచ్చాడు. సంచి నిండింది. బిక్షమ్మ ఇంకా మూడో ఇంటి పీట మీదే ఉంది.

"అయిపోయిందా?" అంది నమ్మలేనట్టు.

"ఇరవై రెండిండ్లు అవ్వా!"

"గుర్వమ్మ కోడలు పుట్టింటికెళ్లి వచ్చిందా?"

"అడగలే."

"మూల మీది ఇంట్ల ముసలమ్మకు దగ్గు తగ్గిందా?"

"ఎవరో బియ్యం పోసిన్రు. ఆమెనో కాదో..."

"దగ్గుకుంట పోసిందా, దగ్గకుంటనా?"

సాల్మన్ తల గోక్కున్నాడు. బిక్షమ్మ ఆ నిండు సంచిని చూసింది, పాస్టరును చూసింది, అరుగు పట్టుకుని మెల్లగా లేచింది.

"బండి తియ్యుర్రి. ఎనక కూసుంట."

"ఎక్కడికవ్వా? డబ్బాలన్ని కుమ్మరిచ్చుకొచ్చిన గద!"

"బియ్యమే తెచ్చిన్రు అయ్యగారూ," అంది బిక్షమ్మ బండి ఎక్కుతూ. "ముచ్చటంత ఆడనే ఇడిసిపెట్టి వచ్చిన్రు."