ఏడికి పోతాండ్రు, మామా?

కరోనా తగ్గిన మరుసటి ఏడు, పత్తి ఏరే కాలంలో మార్తా బాధ్యత నాకు అప్పగించారు. అప్పుడు నేను హనుమకొండలో ఓ స్వచ్ఛంద సంస్థకు క్షేత్ర సమన్వయకర్తను. విదేశీ వాలంటీర్లకు బస చూపడం, కాస్త భాష నేర్పడం, నెల తిరిగేసరికి వాళ్లను వేసిన ఊళ్లోనే ఉంచాలో మార్చాలో పైవాళ్లకు నివేదించడం నా ఉద్యోగం. మార్తాది పోర్చుగల్. తొర్రూరు దగ్గరి ఓ పల్లెలో మురుగునీరు ఇంకడానికి ఇంటింటా ఇంకుడుగుంతలు తవ్వించాలి. నియమం ఒక్కటే: సామాను సంస్థది, చెమట ఊరివాళ్లది.

ఎదురైన ప్రతివాళ్లనూ పలకరించమని వాళ్ల దేశంలో శిక్షణ ఇచ్చి పంపారట. ఆ పిల్ల దాన్ని వేదవాక్కుగా పట్టుకుంది. పొద్దున్నే ఊరి మొగదల నిలబడి నిండుగా నవ్వుతూ, "ఏడికి పోతాండ్రు?" అని అడిగేది. పనిమీద బయల్దేరినవాళ్లను అలా అడిగితే మన దగ్గర పని చెడుతుందంటారు. ఇంటికి తిరిగిపోయి, కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి మళ్లీ కదలాలి. మళ్లీ కదిలితే మళ్లీ మార్తా!

వారం తిరక్కముందే ఊరు అతలాకుతలమైంది. కూలీలు చేలకు ఆలస్యం. పెళ్లిచూపులకు బయల్దేరినవాళ్లు ఏకంగా ప్రయాణమే మానుకున్నారు. గుంత ఒక్కటీ పడలేదు. ఐలయ్య అనే రైతు నన్ను పట్టుకున్నాడు. "పిల్ల మంచిదే సారూ. గని జర వేరే ఊరు చూడుండ్రి. నీళ్లు తాగి తాగి కడుపు నిండింది, పత్తి బండి ఇంకా ఇంటికాడనే ఉన్నది." మూఢనమ్మకాల మీద అతనికి చిన్న ఉపన్యాసం ఇచ్చాను. "మీరు చెప్పింది నిజమే సారూ" అని ఒప్పుకుని, మళ్లీ నీళ్లు తాగడానికి ఇంట్లోకి పోయాడు.

సంగతి తెలిసి మార్తా ముఖం పాలిపోయింది. తనను పంపించేస్తారా అని అడిగింది. నాకు జాలేసింది కానీ, గుంతలు పడని ఊళ్లో వాలంటీరును ఉంచమని ఎలా రాయను?

అడ్డుపడింది ఐలయ్య భార్య కొమురమ్మ. మహిళా సంఘానికి ఆమే పెద్ద. "ఆ పిల్లను పంపకుండ్రి సారూ. పొద్దుగాల అడుగద్దు. పొద్దూకినంక అడుగమనుండ్రి."

పొద్దూకితే మగవాళ్ల దారి ఒక్కటే, బెల్టు షాపు. అంటే లైసెన్సు లేకుండా మందు అమ్మే కొట్టు. కొమురమ్మ మార్తాను సరిగ్గా ఆ దారిలో నిలబెట్టింది. "ఏడికి పోతాండ్రు, మామా?" అనగానే ఐలయ్య ఆగిపోయాడు. పొద్దున పట్టింపు ఉండి సాయంత్రం లేదంటే ఊరు నవ్వదూ? ఉసూరుమంటూ ఇంటికి తిరిగాడు. అక్కడ నీళ్ల చెంబు పక్కనే గడ్డపార కూడా సిద్ధంగా పెట్టింది భార్య. మర్నాడు వెనక సందులోంచి జారుకోబోయాడు. మార్తా అక్కడా ఉంది.

అలా మొదటి గుంత ఐలయ్య వాకిట్లోనే పడింది. నెల తిరిగేసరికి వాడంతా తవ్వకాలే. మార్తాను ఉంచాలని సంతోషంగా రాశాను.

ఊరి నమ్మకంతో వాదించడం దండగ, వీలైతే దానికో పని అప్పజెప్పాలి. నా ఉద్యోగంలో నేర్చుకున్న పాఠం అదే. ఆ నివేదిక సంచిలో పెట్టుకుని హనుమకొండ బస్సుకు బయల్దేరుతుంటే, అలవాటు కొద్దీ మార్తా నన్నూ అడిగింది, "ఏడికి పోతాండ్రు, సారూ?" అని. కొమురమ్మ అరుగు మీద కూర్చుని మంచినీళ్లు తాగాను. బస్సు వెళ్లిపోయింది.