ఆంటీ పట్టిన కొర్రమీను

మా హాస్టల్ ఆంటీ పోయారన్న కబురు నాకు మెట్రోలో తెలిసింది. రైలు పంజాగుట్ట స్టేషన్ దాటింది. పాత రూమ్మేట్ల వాట్సాప్ గ్రూపులో ఆంటీ కూతురు ఒక్క ముక్క పెట్టింది: "అమ్మ పొద్దున పోయింది." కొన్ని నెలలుగా ఆవిడకు గుండె జబ్బు ఉందని అందరికీ తెలుసు. తెలిసినా ఎవరమూ సిద్ధంగా లేము. నేను అమీర్‌పేటలో హైటెక్ సిటీ వైపు రైలు మారాలి. మారలేదు. కిందికి దిగి, ఆఫీసుకు రానని చెప్పి, కోచింగ్ సెంటర్ల బోర్డుల కింద నుంచి ఆ పాత గల్లీలోకి నడిచాను.

భీమవరం దగ్గర ఒక పల్లె నుంచి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకుందామని వచ్చి, ఆ గల్లీలోని లేడీస్ హాస్టల్లో రెండేళ్లున్నాను. ఆంటీ ఆ హాస్టల్ నడిపేవారు. లావుపాటి మనిషి, కంచు గొంతు. గుమ్మం దగ్గర చెప్పులు చూసి ఎవరు వచ్చారో ఎవరు రాలేదో చెప్పేసేవారు. వీటి గురించి ఆ హాస్టల్లో ఉన్న ఏ అమ్మాయైనా రాయగలదు. నేను రాయాల్సింది ఆవిడ చేపల వేట గురించి. దానికి కారణం దశదిన కర్మ నాడు విన్న ఒక మాట.

ఆ రోజు హాస్టల్ భోజనాల హాల్లో కుర్చీలు వేశారు. గాలం వేసేవాళ్ల క్లబ్బు ఒకటుంది, ఆంటీ అందులో సభ్యురాలు. ఆ క్లబ్బు పెద్ద ఒకాయన వచ్చాడు. పంజాగుట్టలో కళ్లద్దాల షాపు ఆయనది, అందరూ అన్న అంటారు. మంచి మనిషి, కళ్లనీళ్లు పెట్టుకునే మాట్లాడాడు. "అక్క ప్రతి పోటీకి వచ్చేది. పాపం, ఒక్కసారి సుత బోర్డు మీద చాప పెట్టలే. అయినా ఫికర్ జెయ్యలే," అన్నాడు. అందరూ తలలూపారు. నాకు మాత్రం చేతిలో టీ గ్లాసు కాలుతున్నా కింద పెట్టాలని తోచలేదు. ఎందుకంటే ఆంటీ బోర్డు మీద చేప పెట్టారు. పోటీలో చేపను కొలిచే ఆ బోర్డు పట్టుకున్నది నేనే.

హాస్టల్లో చేరిన కొత్తలో మాకు అర్థం కాని విషయం ఆంటీ ఆదివారం. తెల్లవారేలోపే భుజాన ఒక పొడవాటి సంచి తగిలించుకుని ఆటో ఎక్కేవారు. సంచిలో తంబూరా ఉందనీ భజనకు వెళ్తున్నారనీ మూడో అంతస్తు వాళ్లు. కర్రసాము నేర్చుకుంటున్నారని మా రూమ్మేటు. మధ్యాహ్నానికి మోకాళ్లదాకా బురదతో తిరిగొచ్చేవారు. ఒంటి మీద చేప వాసన. చేతిలో చేప ఉండేది కాదు. మా భీమవరం వైపు చేపంటే చెరువులో పెరగాలి, లారీ ఎక్కాలి, కాదంటే పులుసులో పడాలి. అందుకే ఆగలేక అడిగేశాను, చేపలేవి ఆంటీ అని.

"నీళ్లల్ల ఉన్నయి," అన్నారు.

పట్టి వదిలేస్తారట. నాకు మతి పోయింది. కొర్రమీను కిలో ఎంతో తెలిసిన దాన్ని నేను! పట్టినదాన్ని మళ్లీ నీళ్లలో వదలడానికి ఇంత పెద్దావిడ ఆటో ఎక్కి ఊరవతలికి పోవడమేంటి? ఆ ప్రశ్న ఆ రెండేళ్లలో చాలాసార్లు అడిగాను. జవాబు ఎప్పుడూ ఒకటి కాదు. ఆదివారం మీ లొల్లి తప్పుతుందని ఒకసారి. నడుము నొప్పికి మంచిదని ఒకసారి. ఒకరోజు మాత్రం బియ్యం ఏరుతూ ఏరుతూ ఆగి, నిజంగా ఆలోచించి చెప్పారు.

"నీళ్ల కింద ఏమున్నదో తెల్వది గదా బిడ్డ. తెల్వనిదాన్ని ఊకె జూస్కుంట ఎట్ల ఉంటం?"

ఆవిడకు తెలియనిదల్లా తెలుసుకోవాలని ఉండేది. మా పుస్తకాలు తిరగేసి, టెస్టింగ్ అంటే ఏంటో చెప్పమని కూర్చోబెట్టేవారు. ప్రోగ్రాంలో తప్పు ఎక్కడుందో వెతకడం ఆంటీ అన్నాను. దొరికితే మంచిదా, దొరక్కపోతే మంచిదా అని అడిగారు. మా కోచింగ్‌లో కూడా ఎవరూ అడగని ప్రశ్న అది. దొరకాలి ఆంటీ అన్నాను, కొంచెం అనుమానంగానే. అయితే మీదీ నాదీ ఒకటే పని అని తేల్చేశారు.

సాయంత్రాలు డాబా మీద సాధన. దూరంగా ఒక ప్లాస్టిక్ మగ్గు పెట్టి, కొక్కెం తీసేసిన రబ్బరు కప్పను, అంటే చేపకు వేసే ఎరను, గాలం కర్ర దారానికి కట్టి, అందులో పడేలా విసిరేవారు. మధ్యలో మా బట్టలు ఆరేసిన తీగలు. కప్ప ఎవరి చున్నీకో చుట్టుకునేది, పిల్లలు నవ్వేవాళ్లు. ఆంటీ మాత్రం చున్నీ మీద విసుక్కుని, మళ్లీ విసిరేవారు. మెట్రో రైలు పోతుంటే అందులోని జనం ఈ పెద్దావిడ ఏం చేస్తోందా అని అద్దానికి ముఖాలు ఆనించి చూసేవాళ్లు. ఆ కప్ప మగ్గులో టప్‌మని పడితే ఆవిడ ముఖం వెలిగిపోయేది.

నాకూ రెండు మూడుసార్లు ఆ రాడ్ ఇచ్చారు. కొర్రమీను కప్ప మీదికి ఎగిరినప్పుడు నీళ్లు బాంబు పేలినట్టు లేస్తాయట. కంగారులో అప్పుడే లాగితే కప్ప ఖాళీగా వెనక్కి వస్తుంది. చేప దాన్ని నోట కరుచుకుని కిందికి తీసుకుపోవాలి, చేతికి బరువు తెలియాలి, అప్పుడు లాగాలి. "సప్పుడుకు గుంజకు. బరువుకు గుంజు," అనేవారు. ఈ మాట చేపలకంటే మాకే ఎక్కువ పనికొచ్చింది. ఒక కన్సల్టెన్సీవాళ్లు ఫోన్ చేసి ఉద్యోగం ఖాయమన్నారని నేను గంతులేస్తుంటే, సప్పుడే వచ్చింది, బరువు రాలేదింకా అన్నారు. నిజంగానే వాళ్లు మళ్లీ ఫోన్ ఎత్తలేదు. నెలలు గడిచాక అసలైన ఆఫర్ లెటర్ వచ్చిన రోజు, కాగితం చేత్తో తూచినట్టు పట్టుకుని, ఇప్పుడు గుంజు అన్నారు.

చివరిసారి ఆవిడను చూసింది పంజాగుట్టలోని ఒక ఆస్పత్రిలో. మంచం పక్క తెర మీద గీత ఎగురుతూ పోతోంది. ఏమ్మా, గదేంది అని నన్నడిగారు. మీ గుండె ఆంటీ అన్నాను. ఆవిడకు నా బాధ పట్టలేదు. కాసేపు దగ్గుతారు, గీత ఎలా మారిందో చూస్తారు. ఊపిరి బిగపడతారు, మళ్లీ చూస్తారు. నర్సు వచ్చి కదలొద్దని కోప్పడితేగాని ఆపలేదు. ఇంటికొచ్చాక ఏడ్చాను గానీ, అక్కడున్నంతసేపు నవ్వుతూనే ఉన్నాను.

ఇక పోటీ సంగతి. కొర్రమీను పోటీలకు ఆంటీ అంతకుముందు కొన్నిసార్లు వెళ్లారు, ఒక్క చేపా పడలేదు. పోటీలో ఒక్కొక్కరికి ఒక సహాయకుడు ఉండాలి. పడిన చేపను కొలత గీతలున్న తడి బోర్డు మీద పడుకోబెట్టి, ఆ రోజు ఇచ్చిన నంబరు బిళ్ల పక్కన పెట్టి ఫోటో తీయడం అతని పని; తర్వాత చేపను వెంటనే నీళ్లలో వదిలేయాలి. అందరికంటే పొడవైన చేపది గెలుపు. ఆఖరి విజిల్ లోపు పోటీదారు స్వయంగా టెంటు దగ్గరికి వచ్చి ఫోటో చూపించాలి. ఆలస్యమైతే సున్నా. ఎప్పుడూ వెంట వెళ్లే కూతురికి జ్వరం రావడంతో, భీమవరం పిల్లకు చేపంటే భయముండదని నన్ను తీసుకెళ్లారు. బతికున్న కొర్రమీనును నేనెప్పుడూ ముట్టుకోలేదని చెప్పే ధైర్యం లేకపోయింది.

వికారాబాద్ రోడ్డులో ఒక పెద్ద చెరువు అది. మేం వెళ్లేసరికి అన్న ఎదురొచ్చాడు. చేతిలో శాలువా. ఈసారి అక్క ముఖ్య అతిథిగా టెంటులో కూర్చోవాలనీ, ఎండలో తిరగొద్దనీ, చివర్లో బహుమతులు ఆమె చేతుల మీదుగానే ఇప్పిస్తామనీ ఎంతో మర్యాదగా చెప్పాడు. ఆంటీ ముఖం ఎర్రబడింది. అంత గౌరవంగా ఒక మనిషిని పక్కన కూర్చోబెట్టవచ్చని నాకు అప్పుడే తెలిసింది.

"శాలువా తర్వాత కప్పు తమ్ముడు. ముందుగాల నా నంబరియ్యి," అన్నారు.

నంబరు ఇచ్చాడు. ఆంటీ ముందు, నేను వెనక గట్టు వెంట నడిచాం. కొంచెం దూరం పోయాక, ఈసారి పడాలె బిడ్డ అన్నారు, నాతో కాదన్నట్టు.

చాలాసేపు ఏమీ పడలేదు. అవతలి ఒడ్డున రెండుసార్లు కేకలు వినిపించాయి, ఎవరికో పడ్డాయి. ఆంటీ ఒక్కోచోట ఆగి, తామరాకుల మధ్య సందుల్లోకి కప్పను విసిరి, చిన్నగా ఎగిరిస్తూ లాగేవారు. ఒక్కసారిగా నీళ్లు ధనామని లేచాయి. నేను బోర్డు పారేశాను. ఆంటీ లాగేశారు. కప్ప మా తలల మీదుగా ఎగిరి వెనక తుమ్మచెట్టుకు చిక్కుకుంది. సప్పుడుకే గుంజేశారు ఆవిడ! నేను నవ్వకూడదని పెదవి కొరుక్కున్నాను. నోటితో చెప్పుడు అల్కగుంటది, చేతితో చేసుడే కష్టమని ఆవిడే పడిపడి నవ్వారు.

ఆ తర్వాత జరిగినదాన్ని చివర్నుంచి చెబుతాను. మేం టెంటు చేరేసరికి విజిల్ అయిపోయి చాలాసేపైంది. ఏమైందక్కా అని అన్న కంగారుగా ఎదురొచ్చాడు. కాలు బురదలో దిగబడిందని చెప్పారు ఆంటీ. చేప పడిందా అంటే లేదన్నట్టు చెయ్యి అడ్డంగా ఊపారు. ఆవిడ పేరు పక్కన సున్నా పడింది. బహుమతులు మాత్రం ఆవిడే ఇచ్చారు, శాలువా కప్పించుకుని, నవ్వుతూ.

తిరిగి వస్తుంటే ఆటోలో నాకు ఏడుపొచ్చింది. ఎందుకు చెప్పలేదని అడిగాను. ఫోటో నా ఫోన్లో ఉంది, కనీసం చూపిద్దామన్నాను.

"జెప్తె ఏమంటరు? ఆడమనిషి గదా, జాలి పడ్డదంటరు. చప్పట్లు గొడ్తరు. గది జాలి గాదు. ఎవ్వరికి జెప్పకు," అన్నారు.

ఇన్నేళ్లూ చెప్పలేదు. దశదిన కర్మ నాడు ఆ "పాపం" అన్న మాట విన్నాక, అదే పెద్ద జాలి అనిపించింది. కూతురిని అడిగాను. రాయక్కా అంది. అందుకే రాస్తున్నాను. చదివేవాళ్లు దయచేసి చప్పట్లు కొట్టకండి.

జరిగింది ఇది. ఎండ నడినెత్తికి వస్తుండగా, తుంగ మొలిచిన మూలలో మళ్లీ నీళ్లు లేచాయి. ఈసారి ఆంటీ రాడ్‌ను కదపలేదు. దారం మెల్లగా కిందికి జారింది. అప్పుడు లాగారు. రాడ్ విల్లులా వంగింది. చేప నాచులోకి దూరి, దారాన్ని తుంగకు చుట్టేసుకుంది. ఆంటీ చీర కుచ్చిళ్లు దోపుకుని నడుంలోతు నీళ్లలోకి దిగి, చేత్తో తడుముతూ ఒక్కో చుట్టూ విప్పారు. చాలాసేపు పట్టింది. బయటికి తెచ్చి బోర్డు మీద పడుకోబెట్టాక నాకు నమ్మబుద్ధి కాలేదు. అప్పటిదాకా ముందున్న చేప ఎంతుందో గట్టు మీద పోయేవాళ్లు అంతకుముందే చెప్పి వెళ్లారు. ఇది దానికంటే రెండు వేళ్లు ఎక్కువే. నంబరు బిళ్ల పక్కన పెట్టి ఫోటో తీశాను.

నీళ్లలో పెట్టగానే అది పొట్ట పైకి తిప్పేసింది.

కొర్రమీను నీళ్లపైకి వచ్చి గాలి పీల్చుకోవాలి. అంతసేపు నాచు కింద చిక్కుకుపోయి దానికి ఊపిరి అందలేదు. ఆంటీ దాన్ని రెండు చేతులతో ఎత్తి, ఒడ్డున లోతులేని చోట, నోరు మాత్రం నీళ్లపైన ఉండేలా పట్టుకున్నారు. కదలడం లేదు. దూరంగా టెంటు కనిపిస్తోంది. అందరూ అటే నడుస్తున్నారు. విజిల్‌కు ఇంకా కొద్దిసేపే ఉంది. మీరు వెళ్లండి ఆంటీ, నేను పట్టుకుంటానన్నాను. పట్టుకోబోతే అది నా చేతుల్లోంచి జారి మళ్లీ తిరగబడింది. ఆవిడే అందుకున్నారు. టెంటు వైపు ఒకసారి చూశారు. ఆ చూపులో ఉన్న ఆశను నేను మర్చిపోలేను.

"నాకు గావాలె బిడ్డ, గా పేరు," అన్నారు. "గని నేను పట్టిన చాప ఇది. ఇడ్సిపెట్టెదాంక నా పని అయినట్టు గాదు. సగం పని జేసి ఏమని జెప్పుకోవాలె?"

విజిల్ ఊదారు. గట్టు మీది నుంచి పొడుగ్గా, రెండోసారి ఇంకా పొడుగ్గా వినిపించింది. ఆంటీ తల తిప్పలేదు. చేప మీదికి వంగి దాని నోటినే చూస్తున్నారు. ఎంతసేపో తెలియదు. చివరికి అది నోరు తెరిచి, గుటుక్కుమని గాలి మింగింది. తోక కదిలింది. ఆంటీ వేళ్లు తీసేసి అరచేతులు తెరిచారు. చేప పోలేదు. తెరిచిన చేతుల్లోనే కాసేపు అలా ఉండి, ఇంకోసారి గాలి మింగి, అప్పుడు జారుకుంది. నీళ్లు బురదయ్యాయి.

నేను బోర్డు, సంచి సర్దుకుని, వెళ్దామా ఆంటీ అన్నాను. ఆవిడ లేవలేదు. చేతులు ఇంకా నీళ్లలోనే తెరిచి ఉన్నాయి.

"ఆగు జర," అన్నారు. "ఎటువోయిందో సూడనీ."