బాపులపాడులో వదిలేసిన గోలు

మా డ్రిల్లు మాస్టారు పోయారని సోమవారం ప్రార్థన అయ్యాక హెడ్మాస్టరు గారు చెప్పారు. ఆ పూట నా క్లాసులో తెలుగు పాఠం సాగలేదు. ఎనిమిదేళ్లు స్టాఫు రూములో పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నవాళ్లం.

ఆయనది గోవా. కాగితాల ప్రకారం పోర్చుగీసు పౌరుడు. పంతొమ్మిదో ఏట ఓడెక్కి లిస్బన్ వెళ్లి, ఒక చిన్న ఫుట్‌బాల్ క్లబ్బుకు నాలుగేళ్లు ఫార్వర్డుగా ఆడారు. ఒక ఆటలో మోకాలు విరిగితే క్లబ్బువాళ్లు బొంబాయి ఓడ టిక్కెట్టు చేతిలో పెట్టి పంపేశారు. బొంబాయి ఆసుపత్రిలో తనకు కట్టు కట్టిన నర్సమ్మను పెళ్లి చేసుకున్నారు. ఆవిడది నూజివీడు. అలా మా మామిడి తోటల మధ్యకు వచ్చారు. తెలుగు ఆవిడ దగ్గరే నేర్చుకున్నారేమో, గ్రౌండులో పిల్లల్ని కూడా "ఏవండీ, బంతి ఇటివ్వండీ" అనేవారు.

గోవాను పోర్చుగీసువాళ్ల నుంచి విడిపించడానికి మన సైన్యం వెళ్లిన అరవై ఒకటి డిసెంబరులో ఊరి చూపు మారింది. ఆయన రేడియో పెడితే గూఢచారి అన్నారు. స్టాఫు రూములో కొందరు కుర్చీలు దూరం జరుపుకున్నారు. ఆ వారమే బాపులపాడు జట్టుతో మా టీచర్ల జట్టుకు ఆట. వెళ్లొద్దన్నాను.

"వెళ్లకపోతే దాక్కున్నట్టు కాదా, పంతులు గారూ?"

ఆట చివరికొచ్చింది. చెరో గోలు. "పోర్చుగీసోడా, పో!" అని జనం అరుస్తున్నారు. మాస్టారు కుంటుతూనే ఇద్దరిని దాటారు. ఆయన మీదికి విసిరిన రాయి గురి తప్పి, గోలు కాస్తున్న వాళ్ల గోలీ నుదుటికి తగిలింది. అతను కుప్పకూలాడు. ఎదురుగా ఖాళీ గోలు.

"కొట్టండి మాస్టారూ!" అని అరిచాను.

ఆయన బంతిని గీత బయటికి తన్నేసి, వంగని మోకాలితో కష్టపడి కూలబడి, గోలీ తలకు తన రుమాలు కట్టారు.

తర్వాత వాళ్లు గోలు కొట్టారు. మేం ఓడిపోయాం. ఈసారి మావాళ్లే చుట్టుముట్టారు. "కావాలనే ఓడగొట్టావ్! ఎవరి మనిషివి నువ్వు?" అంటూ ఒకడు కాలరు పట్టుకున్నాడు.

"మనిషి పడిపోయాక కొడితే అది గోలు కాదండీ," అన్నారాయన.

గోలీ జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. మామిడి తోటల్లో కూలికెళ్లే కుర్రాడు. "ముందు రాయేసినోడెవడో చెప్పండి. ఆ తర్వాత ఈయన మీద చెయ్యెయ్యండి!" అన్నాడు. మాస్టారి చెయ్యి పట్టుకుని బస్సు దాకా నడిపించాడు.

నేను మాత్రం ఆయన పక్కన నిలబడలేకపోయాను. భయపడ్డాను. బస్సులో ఆ మాటే చెప్పాను.

"నాకూ భయమేసిందండీ," అన్నారు. "మా అమ్మ గోవాలో ఒక్కతే ఉంది. నెల్లాళ్లుగా ఉత్తరం లేదు," అన్నారు.

పక్షం తర్వాత వాళ్లమ్మ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. మాస్టారు స్టాఫు రూములో నిలబడి దాన్ని కొంకణిలో పైకి చదవడం మొదలుపెట్టారు. మాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. బెల్లు మోగింది. ఆయన చదవడం అయ్యేదాకా ఎవరమూ కుర్చీల్లోంచి లేవలేదు.